అవతలి గట్టు పొగ

ఏవిటీ, దిండు గట్టిగా ఉందా? ఇందాక పెరుగు పుల్లగా ఉందన్నావు. అంతకు ముందు ఫ్యాను చప్పుడు చేస్తోందన్నావు. ఇప్పుడు దిండొచ్చిందా? సరే, నా చెయ్యి మీద తల పెట్టుకో. ఇటు తిరుగు. కాళ్ళు ఆడించావంటే సగంలో ఆపేస్తాను, చెబుతున్నా.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. లంకంటే రావణాసురుడి లంక కాదే పిచ్చిమొద్దూ! చుట్టూ నీళ్ళు, మధ్యలో మట్టి దిబ్బ, దాని మీద కొబ్బరి చెట్లూ అరటి చెట్లూ. ఆ ఊళ్ళో నరసాయమ్మ అని ఒకావిడ ఉండేది. పూతరేకులకి ఆవిడ పెట్టింది పేరు.

పూతరేకులు ఎలా చేస్తారో తెలుసా నీకు? తినడం ఒక్కటే తెలుసు. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. బియ్యప్పిండి నీళ్ళలో పల్చటి గుడ్డ ముంచి, ఆ వేడి కుండ మీద పరిచి ఒక్క లాగు లాగుతారు. అప్పుడు కుండ మీద ఉల్లిపొర లాంటి రేకు ఒకటి నిలుస్తుంది. దాని అంచు వేళ్ళతో పట్టుకుని, చిరగకుండా పైకి తీయాలి. ఆ తర్వాత నెయ్యీ బెల్లమూ వేసి మడత పెడతారు. నోరూరుతోందా? రేపు చూద్దాంలే, ముందు కథ విను.

నరసాయమ్మకి ఒక్కతే చెల్లెలు, బుల్లెమ్మ. బుల్లెమ్మకి మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. అప్పటి నుంచి అక్కే అమ్మ. తల దువ్వినా అక్కే, గోరుముద్దలు పెట్టినా అక్కే. నేను అత్తారింటికి పోతే దీన్నెవరు చూస్తారని నరసాయమ్మ తను పెళ్ళే చేసుకోలేదు. చెల్లెలికి మాత్రం మంచి సంబంధం చూసి, గోదారి అవతలి గట్టున ఇచ్చింది.

అంత మంచి మనిషికీ ఒకే ఒక్క జబ్బు. సణుగుడు!

కోడి కూస్తే, "దీని గొంతు తగలెయ్యా, చెవులు పగిలిపోతున్నాయి" అనేది. కుయ్యకపోతే, "మేత మేయడానికి ఉన్న ఓపిక కూతకి లేదు" అనేది. వాన పడితే బురదంటూ గోల, వెలిస్తే ఉక్కంటూ గోల. దేవుడు ఎదురుగా ప్రత్యక్షమైతే వరం అడగదమ్మా, ఇంతాలస్యంగా వచ్చావేమని అడుగుతుంది, అని ఊళ్ళోవాళ్ళు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

మనసులో ఏమీ ఉండేది కాదు ఆవిడకి. నోరు తెరిస్తే అదొచ్చేది, అంతే. అలవాటైపోయింది.

పెళ్ళయ్యాక బుల్లెమ్మ మొదటిసారి పుట్టింటికి వచ్చింది. అక్కకని చిలకపచ్చ చీర తెచ్చింది. నరసాయమ్మ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "ఒక్క ఉతుక్కి వెలిసిపోయే రంగు. ఎవడు అంటగట్టాడే నీకు?" అంది. బుల్లెమ్మ నవ్వేసింది.

ఆ తర్వాత రెండోసారి వచ్చింది. వాళ్ళ పెరట్లో కాసిన పనసపండు పడవలో పెట్టుకుని, ఒళ్ళో పిల్లాణ్ణి మోసినట్టు మోసుకొచ్చింది. "పండు సరిగ్గా ముగ్గనే లేదు. ఈ జిగురు ఎవరు కడుక్కుంటారు?" అంది నరసాయమ్మ. ఈసారి బుల్లెమ్మ నవ్వలేదు. గిన్నెలు కడిగి, సాయంత్రం పడవకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడోసారి వచ్చింది. అక్కని చూడాలని బుద్ధి పుట్టింది, అంతే, ఏమీ తేకుండా పడవెక్కేసింది. రేవు నుంచి ఇంటి దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలో రొప్పుతూ నిలబడితే అక్క ఏవందో తెలుసా? "చేతులూపుకుంటూ వచ్చావా?" అంది!

బుల్లెమ్మ మంచినీళ్ళు కూడా తాగలేదు. వచ్చిన పడవలోనే తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మరి నరసాయమ్మ ఏం చేసిందంటావు? ఆ చిలకపచ్చ చీరని కర్పూరం వేసి పెట్టెలో అడుగున దాచుకుంది. పనసపిక్కలు ఒక్కటి పారెయ్యకుండా ఎండబెట్టుకుని, రోజుకి రెండు చొప్పున కాల్చుకు తింది. నోటికి తెలియని సంగతి ఆ చేతులకి తెలుసు. కానీ బుల్లెమ్మ విన్నది నోటినే కదా, పాపం.

రోజులు గడిచాయి. నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం నరసాయమ్మ గట్టు మీదకెళ్ళి కూచునేది. అవతలి గట్టున, చెల్లెలి ఇంటి దగ్గర, పొగ లేచేది. "చూడు ఎంత పొగ పెడుతోందో! పచ్చి కట్టెలు ఎగదోస్తోంది. వంట నేర్పాను కాదూ, అంతా గంగలో కలిపేసింది" అని సణిగేది. సణుగుతూనే ఆ పొగ పల్చబడేదాకా లేచేది కాదు. ఒకరోజు పొగ కాస్త ఆలస్యమైతే ఆవిడ నీళ్ళ అంచు దాకా దిగి నిలబడింది.

"ఒక్కసారి వస్తే బావుణ్ణు" అనుకునేది. రమ్మని కబురు పెట్టొచ్చు కదా అంటావు. పెట్టలేదమ్మా. పిలవబోతే నోట్లోంచి ఏం వస్తుందో అని ఆవిడకే భయం.

ఇలా ఉండగా ఆషాఢం వచ్చింది. గోదారి నీళ్ళు ఎర్రబడుతున్నాయి. ఎర్రనీరు పెరిగితే పడవలు ఆగిపోతాయి, మళ్ళీ రెండు నెలల దాకా నడపరు. అప్పుడు నరసాయమ్మకి ఆలోచన తట్టింది. నోటితో పిలవలేను, పూతరేకులు చేసి పంపిస్తాను, అవి తింటే బుల్లికే తెలుస్తుంది, అనుకుంది.

బుల్లెమ్మ వెళ్ళాక రేకుల కుండ అటకెక్కింది. దాన్ని దింపింది. కడిగింది. నూనె రాసింది. పిండి రుబ్బింది. మంట పెట్టి, గుడ్డ ముంచి లాగింది.

రేకు చిరిగింది.

ఇంకోటి లాగింది. అదీ చిరిగింది. పొద్దెక్కేసరికి పళ్ళెం నిండా పేలికలే. "ఈ కుండ ముసలిదైపోయింది" అని తిట్టి, కుమ్మరి మాచమ్మ దగ్గరికెళ్ళి కొత్త కుండ తెచ్చింది. మర్నాడూ చిరిగాయి. "ఈ బియ్యం పనికిమాలినవి" అని తిట్టి, వేరే బియ్యం నానేసింది. ఆ మర్నాడూ చిరిగాయి. "ఈ కొబ్బరాకులు చెమ్మగా ఉన్నాయి" అని తిట్టి, ఎండవి ఏరి తెచ్చి మంట పెట్టింది. అయినా చిరిగాయి.

అప్పుడు ఒళ్ళు మండిపోయి, కుండ చంకనెత్తుకుని మాచమ్మ వాకిట్లో దిగింది. "మాచమ్మత్తా! ఏం కుండ ఇచ్చావు నాకు?" అని అరిచింది.

మాచమ్మ ముసలిది, నా కంటే ముసలిది. చేతులకున్న మట్టి కడుక్కుని, "పద, నేనొచ్చి చూస్తా" అంది. వచ్చి పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని కూచుంది. చూసింది, అంతే. మూడు రేకులు చిరిగాక చెప్పింది.

"అమ్మాయ్, కుండ బాగానే ఉంది. బియ్యం బాగానే ఉన్నాయి. మంటా బాగానే ఉంది. నీ నోరే బాగాలేదు. గుడ్డ లాగుతూ మంటని తిట్టావు, రేకు చెదిరింది. అంచు పడుతూ నన్ను తిట్టావు, చిరిగింది. పైకి తీస్తూ ఉస్సురన్నావు, ముక్కలైంది. ఊపిరి తగిలితేనే ఆగని రేకు, నీ తిట్లకి ఆగుతుందా?"

"ఇదివరకు బాగానే వచ్చేవిగా!" అంది నరసాయమ్మ.

"ఇదివరకు ఈ పీట మీద బుల్లెమ్మ కూచునేది. అది రేకు తీస్తుంటే, చెయ్యి కాల్చుకుంటుందేమోనని నువ్వు ఊపిరి బిగబట్టి చూసేదానివి. ఆ కాసేపే నీ నోటికి సెలవు."

నరసాయమ్మ చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఆ పీట వంక చూసింది. కళ్ళు తుడుచుకుని, "నోరు మూసుకుంటాలే అత్తా" అంది.

"ఉత్తినే మూస్తే ఎంతసేపు ఉంటుంది? పొంగొచ్చిన గిన్నె మీద మూత పెట్టినట్టే. తిట్టు నోటి దాకా వచ్చినప్పుడల్లా, నీకు బావున్న సంగతి ఒకటి తలుచుకో. పైకి చెప్పక్కర్లేదు" అని మాచమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే నరసాయమ్మ పొయ్యి వెలిగించింది. కోడి కూసింది. తిట్టు నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు గబుక్కున చిన్నప్పటి బుల్లిని తలుచుకుంది. అన్నం తినమంటే కోడి వెనకాల పరిగెత్తేది. గుడ్డ లాగింది. రేకు నిలిచింది!

పొగ కళ్ళలో పడింది. తిట్టు వచ్చింది. బుల్లి మొదటిసారి రేకు తీసి, నెత్తి మీద వేసుకుని, "అక్కా, నేను పెళ్ళికూతుర్ని" అన్నది తలుచుకుంది. రెండో రేకు నిలిచింది.

నడుం లాగింది. మళ్ళీ తిట్టు. జ్వరం వచ్చినప్పుడు బుల్లి తన నడుం వాటేసుకుని రాత్రంతా వదల్లేదు, అది తలుచుకుంది. మూడో రేకు చెక్కుచెదరకుండా చేతిలోకొచ్చింది. అలా తలుచుకుంటూ, తీస్తూ, ముప్పై రేకులు తీసింది. ఇంట్లో చప్పుడన్నదే లేదు.

సరిగ్గా అప్పుడు కంచె అవతల్నుంచి ఒక తల పైకి లేచింది. పడవ నడిపే పెంటయ్యది. భయం భయంగా చూసి, "అక్కగారూ, ఒంట్లో బాగాలేదా అండీ? ఇంట్లోంచి తిట్లు వినపడ్డం లేదు" అన్నాడు.

నవ్వకు! పాపం, నిజంగానే భయపడ్డాడు.

"బాగానే ఉన్నాను. లోపలికి రా పెంటయ్యా" అంది నరసాయమ్మ. అంతే, పెంటయ్య అక్కడే కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. "నేను పాపిష్టోణ్ణి అక్కగారూ! బుల్లెమ్మగారు మీకు మూడుసార్లు కబురంపారండీ. మొదటిసారి, నీళ్ళోసుకున్నానని చెప్పమన్నారు. నేనొస్తే మీరు కోడిని తిడుతున్నారు, వెనక్కెళ్ళిపోయాను. రెండోసారి, అక్క చేతి పూతరేకులు తినాలనుందని చెప్పమన్నారు. వస్తే మీరు వానని తిడుతున్నారు. మూడోసారి, ఏడో నెలొచ్చింది, వరద రాకముందే అక్కని రమ్మనమని చెప్పమన్నారు. వస్తే మీరు తిడుతున్నది నన్నే అండీ, నా పడవనీ! కంచె దాకా వచ్చి మూడుసార్లూ తిరిగిపోయాను. ఆవిడ అడిగితే సిగ్గేసి, చెప్పేశానమ్మా అని అబద్ధమాడాను."

చూశావా ఘోరం! అక్కకి అన్నీ తెలుసు, తెలిసీ రాలేదు, అని బుల్లెమ్మ నాలుగు నెలలుగా అనుకుంటోందన్నమాట.

నరసాయమ్మ ఒంట్లో ఉన్న తిట్లన్నీ కట్టకట్టుకుని గొంతులోకొచ్చాయి. వాణ్ణి ఎన్నైనా అనొచ్చు, ఎవరూ కాదనరు. నోరు తెరిచింది. ముప్పై రేకులూ పళ్ళెంలో తెల్లగా కనపడ్డాయి. నా నోటికి జడిసేగా వీడు తిరిగిపోయింది, అనుకుంది.

"పడవ ఎప్పుడు తీస్తావు?" అని మాత్రం అడిగింది.

"మధ్యాహ్నానికండీ, ఆయ్. అదే ఆఖరుది."

అప్పుడు చూడాలి నరసాయమ్మ హడావుడి! నెయ్యి రాసింది, బెల్లం చల్లింది, మడతలు పెట్టింది. అరిటాకులో చుట్టి బుట్టలో పెట్టింది. పెట్టె అడుగు నుంచి చిలకపచ్చ చీర తీసి కట్టుకుంది. రంగు ఇసుమంతైనా వెలవలేదు.

పడవ నడి గోదారికి వచ్చింది. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. దబ్బున ఒక కెరటం కొట్టి, బుట్ట నిండా నీళ్ళు పోసింది. నరసాయమ్మ అరిటాకు విప్పి చూస్తే రేకులన్నీ ముద్దయిపోయాయి. మధ్యలో మూడంటే మూడు పొడిగా మిగిలాయి. పెంటయ్య కళ్ళు మూసుకున్నాడు, ఇక చూడు నా పని అయిపోయింది అని. నరసాయమ్మ ఆ మూడింటినీ తీసి, ఆకులో చుట్టి, రొమ్ముకి పొదువుకుంది. "మూడున్నాయి పెంటయ్యా. తెడ్డు వెయ్యి" అంది. ఒక్క తిట్టూ లేదు.

అవతలి రేవు దిగి, అడుగులో అడుగు పడకుండా నడిచింది. బుల్లెమ్మ వాకిట్లో ఉంది. కడుపు ఎత్తుగా, మొహం పాలిపోయి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. అక్కని చూసి ఎదురు రాలేదు. ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఇప్పుడు తీరిందా నీకు?" అంది బుల్లెమ్మ. "మూడుసార్లు కబురంపాను. నేను బతికున్నానో లేదో నీకక్కర్లేదు. రోజూ రేవు వంక చూసి చూసి నా కళ్ళు కాయలు కాచాయి. ఇప్పుడు కూడా ఏదో ఒకటి అంటావుగా? ఒళ్ళు చేశావనో, వాకిలి ఊడవలేదనో. అనెయ్యి, వింటాను."

అని తల దించుకుని నిలబడింది, దెబ్బకి కాచుకున్న పిల్లలాగా.

నరసాయమ్మ అది చూసింది. కబురు అందలేదే అని చెప్పొచ్చు. పెంటయ్య మీద తోసెయ్యొచ్చు. చెప్పలేదు. దగ్గరికెళ్ళి, ఆ దించుకున్న గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఎంత బావున్నావే బుల్లీ" అంది.

అంతే. అక్క నోటి నుంచి ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా విన్లేదు బుల్లెమ్మ. భోరుమని అక్క భుజం మీద పడింది. ఇద్దరూ ఏడ్చారు. వెనకాల పెంటయ్య, తప్పు నాదమ్మా నాదమ్మా అంటూ వాడూ ఏడ్చాడు. ఆ తర్వాత మూడు పూతరేకులూ బుల్లెమ్మ ఒక్కతే తినేసింది, ఎవరికీ పెట్టలేదు.

సాయంత్రమైంది. నరసాయమ్మ వాకిట్లో కూచుంది. బుల్లెమ్మ లేచి, గట్టు వైపున్న చిన్న పొయ్యి వెలిగించి, దాంట్లో నాలుగు పచ్చి కొబ్బరి డొక్కలు వేసింది. గుప్పుమని పొగ లేచింది. పొయ్యి మీద గిన్నె లేదు, ఏమీ లేదు.

"ఏం వండుతున్నావే?" అంది నరసాయమ్మ.

"వంట లోపలి పొయ్యి మీద అయిపోయిందక్కా. ఇది వంటకి కాదు. నేను బాగున్నానని నీకెలా తెలుస్తుంది మరి? నా మీద ఎంత కోపమున్నా, సాయంత్రం గట్టు మీదకి వస్తావని తెలుసు. అందుకని రోజూ పచ్చి డొక్కలు వేస్తాను, పొగ బాగా కనపడుతుందని. అలవాటైపోయి ఇవాళ కూడా పెట్టేశాను, చూడు, నువ్విక్కడే ఉంటే!"

నరసాయమ్మ ఆ పొగ వంక చూసింది. ఏడాదిగా తను తిట్టిన పొగ అది. వంట రాదని, కట్టెలు పచ్చివని, రోజూ తిట్టిన పొగ. తనకోసం పెట్టిన పొగ.

బుల్లెమ్మ డొక్కలు బయటికి లాగబోయింది. "తియ్యకే" అంది నరసాయమ్మ.

"అవతల చూసేవాళ్ళు ఎవరూ లేరుగా అక్కా."

"నేను చూస్తాను. ఇన్నాళ్ళూ చూశాను కానీ, సరిగ్గా చూళ్ళేదు."

ఆ రాత్రే గోదారి పొంగింది, పడవలు ఆగిపోయాయి. అయితేనేం, అక్క ఇవతలి గట్టునే ఉంది. బుల్లెమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల తెల్లారగట్ల గుక్కపట్టి ఏడిస్తే నరసాయమ్మ, "దీని గొంతు..." అని మొదలుపెట్టేది. బుల్లెమ్మ తలెత్తి చూసేది. "...ఎంత ఖంగుమంటోందే!" అని పూర్తిచేసి, పిల్లని ఎత్తుకునేది.

దిండు సంగతేమైంది? అడగవేం? సరేలే, కళ్ళు మూసుకో.

రేకేమో నోటికి, పొగేమో నింగికి,
పడవేమో రేవుకి, అక్కేమో చెల్లికి,
కథేమో కంచికి కదిలి వెళ్ళింది,
మనమేమో ఇంట్లోనే, నిదరమ్మ ఒడికి.